స్టాపులో అచ్చు టైమ్‌టేబులా, లైవ్ బోర్డా: ఏది మేలు?

తర్వాతి బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చూపే లైవ్ బోర్డు పెట్టాక స్టాపులో కాగితం టైమ్‌టేబుల్ ఇంకా ఎందుకని చాలామంది అడుగుతున్నారు. "పది నిమిషాలకో బస్సు" అని ఒక్క ముక్క రాసి పెడితే సరిపోదా అనేది మరికొందరి ప్రశ్న. ఈ మూడింట్లో ఏది మేలో తేలాలంటే ముందు ఆ రూటులో గంటకు ఎన్ని బస్సులున్నాయో చూడాలి.

గంటకు ఐదు, అంతకు మించి బస్సులుంటే, అంటే 12 నిమిషాల లోపు ఒకటి వస్తుంటే, జనం టైము చూసుకోకుండానే స్టాపుకు వచ్చేస్తారు. లండన్‌లోనూ గీత అక్కడే గీశారు. గంటకు 5 బస్సులు, ఆపైన ఉన్న రూట్లను ప్రయాణికుడు ఎంత అదనంగా ఎదురుచూశాడన్న దాన్ని బట్టి, మిగతావాటిని టైమ్‌టేబుల్ పాటించారా లేదా అన్న దాన్ని బట్టి కొలుస్తారు. రద్దీ రూటుకు నిమిషాలతో సహా టైమ్‌టేబుల్ అచ్చువేయడం శ్రమ దండగ. "10 నిమిషాలకో బస్సు" అన్న మాట చాలు, కానీ బస్సులు ఎడం పాటించాలి. 2 నిమిషాలకొకటి, తర్వాత 18 నిమిషాలకొకటి చొప్పున జంటలుగా వస్తుంటే సగటు ఎడం 10 నిమిషాలే అవుతుంది. స్టాపుకు వచ్చేవాళ్లలో మాత్రం నూటికి 90 మంది ఆ 18 నిమిషాల ఖాళీలోనే చిక్కుకుంటారు. అందుకే సగటు నిరీక్షణ 5 నిమిషాలకు బదులు 8.2 నిమిషాలు. ఇలాంటి రూట్లలో లైవ్ బోర్డుకు సాటి లేదు. వెనకే ఇంకో ఖాళీ బస్సు వస్తోందని చెబితే కిక్కిరిసిన మొదటి బస్సును వదిలేసేవాళ్లూ ఉంటారు.

15, 20, 30 నిమిషాలకో బస్సున్న రూట్ల సంగతి వేరు. అక్కడ మొదటి స్థానం కాగితానిదే, అందులోని అంకెలు ఆ స్టాపువే అయితే.

చాలాచోట్ల టైమ్‌టేబుల్ వేసేటప్పుడు రూటులో నాలుగైదు ముఖ్యమైన పాయింట్లకే టైము నిర్ణయిస్తారు. మధ్య స్టాపుల టైములు దూరాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ పంచేస్తుంది. దోషం పుట్టేది ఇక్కడే. రెండు పాయింట్ల మధ్య 3 కిలోమీటర్లు, 15 నిమిషాలు అనుకోండి. మొదటి 2 కిలోమీటర్లు ఖాళీ రోడ్డు, 4 నిమిషాల్లో దాటుతుంది. చివరి కిలోమీటరు మార్కెట్ మధ్యలోంచి, 11 నిమిషాలు పడుతుంది. దూరం లెక్కన పంచితే 2 కిలోమీటర్ల దగ్గరి స్టాపుకు 10వ నిమిషం పడుతుంది. బస్సు 4వ నిమిషానికే వెళ్లిపోతుంది. 20 నిమిషాలకో బస్సున్న రూటులో కాగితాన్ని నమ్మి సరిగ్గా టైముకు వచ్చిన మనిషి ఇంకో 14 నిమిషాలు నిలబడాలి. పైగా బస్సు లేటుగా వచ్చిందనుకుంటాడు. డ్రైవర్ తప్పేమీ లేకుండానే రోజూ ఇదే జరుగుతుంది.

బస్సు 5 నిమిషాలు లేటయితే పోయేది ఆ 5 నిమిషాలే. ఒక్క నిమిషం ముందు వెళ్లిపోతే పోయేది తర్వాతి బస్సు దాకా ఉన్న సమయమంతా. చాలా సంస్థలు ఒక నిమిషం ముందు నుంచి 5 నిమిషాల ఆలస్యం దాకా "టైముకు వచ్చినట్టే" అని లెక్కవేయడానికి కారణమూ ఇదే. నన్నడిగితే ఆ ఒక్క నిమిషం సడలింపు కూడా ఇవ్వకూడదు.

సరిచేయడం కష్టమేమీ కాదు. నాలుగైదు వారాల జీపీఎస్ రికార్డు తీసి, ప్రతి స్టాపుకు, ప్రతి గంటకు బస్సు బయల్దేరిన టైములు వరసగా పేర్చాలి. పదింట్లో తొమ్మిది బస్సులు ఇంకా దాటని టైమునే అచ్చువేయాలి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం విడివిడిగా లెక్కించాలి. సెకన్లను ఎప్పుడూ కిందికే సవరించాలి: 8:14:50 వస్తే అచ్చయ్యేది 8:14, 8:15 కాదు. టైము పక్కా అయిన పాయింట్లను ముద్ద అక్షరాల్లో వేసి, అక్కడ ముందొచ్చిన బస్సును ఆపి ఉంచాలి. ఏ తేదీ నుంచి అమల్లో ఉందో కాగితం మీదే రాయాలి. తేదీ లేని టైమ్‌టేబుల్‌ను ఎవరూ నమ్మరు. అర్ధరాత్రి దాటిన ట్రిప్పుల దగ్గర తప్పులు ఎక్కువ: శుక్రవారం డ్యూటీలోని 12:20 బస్సు క్యాలెండర్ ప్రకారం శనివారానిది. డేటాలో దాన్ని 24:20గా రాస్తారు. ప్రయాణికుడికి మాత్రం "శుక్రవారం రాత్రి 12:20" అనే చెప్పాలి.

లైవ్ ఉంటే ఈ తిప్పలన్నీ తప్పుతాయనుకోవడం పొరపాటు. 2005లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థ ట్రైమెట్, గూగుల్ కలిసి మొదలుపెట్టిన జీటీఎఫ్‌ఎస్ (బస్సుల టైములు, స్టాపుల డేటాను యాప్‌లకు ఒకే తీరులో అందించే పద్ధతి) కింద వచ్చే లైవ్ సమాచారం టైమ్‌టేబుల్ మీదే నిలబడుతుంది. ఒక స్టాపు దగ్గర బస్సు ఎంత ముందుందో, ఎంత లేటో చెబితే, వేరే సమాచారం లేనంతవరకు అదే తేడా తర్వాతి స్టాపులన్నింటికీ పాకుతుంది. పై ఉదాహరణలో మార్కెట్‌కు ముందు స్టాపు దగ్గర "6 నిమిషాలు ముందు" అని తేలిన బస్సు, మార్కెట్ దాటాకా 6 నిమిషాలు ముందే వస్తుందని బోర్డు చెబుతుంది. కాగితంలోని తప్పు లైవ్‌లోకి వచ్చి కూర్చున్నట్టే.

లైవ్‌కు సొంత గుడ్డి చోట్లు రెండున్నాయి. మొదటిది, ఇంకా బయల్దేరని బస్సు: టెర్మినస్‌లో ఆగి ఉన్నప్పుడు డ్రైవర్ ఎప్పుడు కదుపుతాడో జీపీఎస్‌కు తెలియదు. అందుకే రూటు మొదటి రెండు మూడు స్టాపుల్లో అంచనాలు బాగా తప్పుతాయి. రెండోది రద్దయిన ట్రిప్పు. రద్దయిందని డిపో సిస్టమ్‌లో గుర్తు పెట్టకపోతే చాలా యాప్‌లు షెడ్యూలు టైమునే కౌంట్‌డౌన్‌గా చూపిస్తాయి. 5, 3, 1 అని తగ్గి, బోర్డు మీంచి మాయమవుతుంది, బస్సు మాత్రం రాదు. డిపోలో బండి మార్చి, ఏ బండి ఏ ట్రిప్పుదో చెప్పే డ్యూటీ కోడ్ మార్చకపోయినా ఇదే గతి. దీనికి మందు ఒక్కటే: జీపీఎస్ నుంచి వచ్చిన అంకె, షెడ్యూలు నుంచి వచ్చిన అంకె చూడగానే తేడా తెలియాలి. షెడ్యూలుదైతే "8:40" అని గడియారం టైము, ట్రాక్ అవుతున్నదైతే "6 ని." అని చూపిస్తే చాలు. సమాచారం 30 సెకన్లకోసారి తాజా కావాలి, బస్సు ఉన్న చోటు 90 సెకన్లకు మించి పాతది కాకూడదు.

ఎస్‌ఎంఎస్, ఫోన్ ఎంక్వైరీ ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు. క్యూఆర్ కోడ్ పెడితే ఆ స్టాపు పేజీయే తెరుచుకోవాలి.

మీ స్టాపు సమాచారం ఎంత నికరమో రెండు గంటల్లో తేల్చవచ్చు. ముఖ్య పాయింట్లకు మధ్యలో ఉన్న స్టాపులో నిలబడి ప్రతి బస్సుకు మూడు అంకెలు రాసుకోండి: అచ్చయిన టైము, 10 నిమిషాల ముందు బోర్డు చెప్పిన టైము, బస్సు నిజంగా బయల్దేరిన టైము. మరో రెండు రోజులు అదే వేళకు ఇలాగే చేయండి. అచ్చయిన టైముకు, అసలు టైముకు తేడాలన్నీ ఒకే వైపు, దాదాపు ఒకే కొలతలో ఉంటే టైమ్‌టేబుల్ తప్పు, దాన్ని మార్చమని అడగాలి. అటూ ఇటూ చెల్లాచెదురుగా ఉంటే తప్పు నడపడంలోనో ట్రాఫిక్‌లోనో ఉంది, ఆ స్టాపుకు లైవ్ బోర్డు అడగండి.