బారిటోన్ ఐదో తీగ: మధ్యమమా, పంచమమా?

బారిటోన్ అంటే మామూలు గిటార్ కంటే ఐదు ఫ్రెట్లు (మెడ మీది అడ్డ కమ్ములు, ఒక్కోటి ఒక్కో అర స్వరం) కిందకు దిగిన గిటార్. మామూలు ఎలక్ట్రిక్‌కు నట్ నుంచి బ్రిడ్జి దాకా (అంటే తీగ మోగే పొడవు) 25.5 అంగుళాలుంటే దీనికి 27 నుంచి 30 దాకా ఉంటుంది. లావు తీగ నుంచి సన్న తీగకు వస్తే స్టాండర్డ్ శ్రుతి బి, ఇ, ఎ, డి, ఎఫ్ షార్ప్, బి. లావు తీగ 61.7 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. తీగల అంకెలు మాత్రం సన్న తీగ నుంచి మొదలు: సన్నది ఒకటోది, లావుది ఆరోది.

ఇందులో ఐదో తీగ ఒక్కదాన్నే ఇ నుంచి ఎఫ్ షార్ప్‌కు, అంటే రెండు ఫ్రెట్లంత పైకి బిగిస్తే చాలు, ఏ వేలూ పెట్టకుండా మీటినా బి మైనర్ సెవెంత్ కార్డు (బి, డి, ఎఫ్ షార్ప్, ఎ కలిసి మోగడం) పలుకుతుంది. ఒక్క కీ తిప్పితే వచ్చే శ్రుతి కాబట్టి చూద్దామని చాలామంది మొదలుపెడతారు. తీరా ఏది ఉంచుకోవాలో తేల్చుకోలేరు.

తిరుపతిలో కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకైతే దీన్ని స్వరాల్లో చెప్పడమే తేలిక. బి ని షడ్జమం అనుకోండి. స్టాండర్డ్‌లో తీగలు స, మ, ని, గ, ప, స. మైనర్ సెవెంత్‌లో స, ప, ని, గ, ప, స. మధ్యమం పోయి పంచమం రెట్టింపైంది, అంతే. తంబూరలో పంచమం తీగను రాగాన్ని బట్టి మధ్యమానికి దించుకోవడం లాంటిదే ఇది కూడా. కాకపోతే ఇక్కడ తిప్పడం ఎదురు దిక్కుకు.

ఈ ఒక్క స్వరం ఎంత తేడా తెస్తుందో రాగాల్లో తెలుస్తుంది. శుద్ధ ధన్యాసికి (స గ మ ప ని) రెండు శ్రుతుల్లోనూ ఖాళీ తీగలన్నీ రాగంలోవే. కానీ స్టాండర్డ్‌లో ఆరూ కలిపి మీటితే ఐదు స్వరాలూ ఒకేసారి మోగి, ఏ కార్డో తెలియని గుంపు శబ్దం వస్తుంది. మైనర్ సెవెంత్‌లో అదే మీటు నిలకడైన కార్డు. పైగా మూడో తీగ డి ని షడ్జమం చేసుకుంటే ఇవే తీగలు మోహనంలోకి వచ్చేస్తాయి: స, గ, ప, ధ. మోహనం ధైవతం మీద గ్రహభేదం చేస్తే (ఆ స్వరాన్నే షడ్జమం అనుకుంటే) శుద్ధ ధన్యాసి వస్తుందని పాఠంలో చదివిందే ఇక్కడ చేతికి తగులుతుంది. రెండు నుంచి ఐదు దాకా నాలుగు తీగలు మాత్రమే మీటితే అచ్చమైన డి మేజర్. ఆ నాలుగింటినీ ఒకే వేలితో ఏ ఫ్రెట్ దగ్గర అడ్డంగా నొక్కినా ఒక మేజర్ కార్డు.

గాత్రానికి తోడు వాయించేవాళ్లకు అసలు లాభం ఇక్కడే. గాయకుడిది 1 శ్రుతి (సి) అయితే కాపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్పు) ఒకటో ఫ్రెట్‌లో పెట్టి ఆరో తీగను షడ్జమం చేసుకోవచ్చు. గాయనిది 5 శ్రుతి (జి) అయితే లావు తీగ మీద షడ్జమం రావాలంటే కాపో ఎనిమిదో ఫ్రెట్‌కు పోవాలి, అప్పుడిక బారిటోన్ ఎందుకు? అదే మోహనం పద్ధతిలో మూడో తీగను షడ్జమం చేసుకుంటే కాపో ఐదులో ఉంటే సరిపోతుంది, 5½ కి ఆరులో.

హిందోళం వచ్చిందంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. అందులో పంచమం లేదు. మైనర్ సెవెంత్‌లో రెండో తీగ, ఐదో తీగ రెండూ అపస్వరమే. స్టాండర్డ్‌లో రెండోది ఒక్కటే తప్పు, దాన్ని వేలి కొసతో ఆపేస్తే చాలు. పంచమం, నిషాదం రెండూ లేని ఆభోగికైతే మైనర్ సెవెంత్ ఊసే ఎత్తొద్దు, ఆరు తీగల్లో మూడు నోరు మూసుకోవాల్సి వస్తుంది.

కార్డులు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలేమో అన్న భయం అక్కర్లేదు. మిగతా ఐదు తీగలు మారలేదు, ఐదో తీగ మీద వేలు మాత్రం రెండు ఫ్రెట్లు వెనక్కి వస్తుంది. మామూలు గిటార్ మీది జి కార్డు ఆకారంలో ఐదో తీగ మీద రెండో ఫ్రెట్ నొక్కేవాళ్లు ఇప్పుడు వదిలేస్తే సరి. ఇ ఆకారంలోనూ అంతే, ఒక వేలు మిగులుతుంది. సి ఆకారంలో మూడో ఫ్రెట్ బదులు ఒకటో ఫ్రెట్. నష్టపోయేది ఎ, ఎ మైనర్ ఆకారాలు, వాటికి ఆధారమైన ఖాళీ తీగే ఇప్పుడు లేదు. ఆ స్వరం కావాలంటే ఆరో తీగ ఐదో ఫ్రెట్ దగ్గర వెతుక్కోవాలి.

మూడో దారి కూడా ఉంది: నాలుగో తీగను కూడా ఎ నుంచి బి కి ఎక్కించి, సెవెంత్ లేని ఓపెన్ బి మైనర్ చేసుకోవడం. కాలేజీ బ్యాండ్‌లో డిస్టార్షన్‌తో వాయించేవాళ్లకు ఇదే మేలు, కారణం చెవికి వెంటనే తెలుస్తుంది. మైనర్ సెవెంత్‌లో ఐదో తీగ 92.5 హెర్ట్జ్, నాలుగోది 110. అంత కింది స్థాయిలో మైనర్ థర్డ్ (మూడు ఫ్రెట్ల దూరం) అంత దగ్గరగా రెండు స్వరాలు మోగితే డిస్టార్షన్‌లో బురదలా కలిసిపోతాయి. ఓపెన్ మైనర్‌లో వాటి మధ్య దూరం ఫోర్త్ (ఐదు ఫ్రెట్లు), శబ్దం విడివిడిగా వినిపిస్తుంది. క్లీన్‌గా, వేళ్లతో మీటేవాళ్లకు ఆ ఇబ్బంది అంతగా ఉండదు. ఆంప్‌లో 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య కొద్దిగా తగ్గిస్తే మరీ మంచిది.

ఇక తీగల సంగతి. రెండు ఫ్రెట్లు ఎక్కించడం చిన్న మాటలా వినిపిస్తుంది గానీ ఆ తీగ మీద బిగువు దాదాపు 26 శాతం పెరుగుతుంది. 13–62 సెట్‌లో (అంకెలు తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఐదోది సాధారణంగా 46 ఉంటుంది. ఈ శ్రుతినే శాశ్వతంగా ఉంచుకునేట్టయితే దాన్ని 42 తో మార్చండి, బిగువు దాదాపు పాత స్థాయికే వస్తుంది. మామూలు 9–42 సెట్‌లోని ఆరో తీగ పనికొస్తుంది. కానీ కొనే ముందు బ్రిడ్జి నుంచి ఐదో కీ దాకా కొలిచి, చుట్టడానికి ఇంకో రెండు మూడు అంగుళాలు కలుపుకోండి. 30 అంగుళాల గిటార్లకు మామూలు తీగ పొట్టి అయ్యే ప్రమాదం ఉంది. మార్చాక పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్‌ను, అక్కడే నొక్కిన స్వరాన్ని పోల్చి చూడండి. నొక్కినది ఎక్కువగా పలికితే శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను) వెనక్కి జరపాలి.

ట్యూనర్ లేకపోతే ఆరో తీగను ఏడో ఫ్రెట్‌లో నొక్కి ఐదోదాన్ని దానికి కలపండి. ఐదోది మూడో ఫ్రెట్‌లో నొక్కితే నాలుగోదితో కలవాలి. ఐదోది బిగించాక మెడ కొద్దిగా వంగి మిగతా తీగలు దిగుతాయి, ట్రెమొలో (స్ప్రింగుల మీద కదిలే బ్రిడ్జి) ఉన్న గిటార్లలో ఇంకా ఎక్కువ. అందుకే ముందు ఐదోది, తర్వాత మిగతావి, చివర్లో మళ్లీ ఐదోది.

తంబూర యాప్‌తో కలిపి వాయిస్తే ఇంకో చిక్కు. ట్యూనర్ చూపే గాంధారం (డి) శుద్ధ లెక్కన 16 సెంట్లు (ఒక ఫ్రెట్ దూరంలో నూరో వంతు ఒక సెంటు) తక్కువ. ఖాళీ తీగలే ఎక్కువగా మోగించే పద్ధతిలో డి ని 16, ఎ ని 18, ఎఫ్ షార్ప్‌లను 2 సెంట్లు పెంచితే శ్రుతిలో కలిసిపోతాయి. ఫ్రెట్లు నొక్కి కార్డులు వాయించేవాళ్లు ఈ జోలికి పోవద్దు, నొక్కిన ప్రతి కార్డూ వంకరగా వినిపిస్తుంది.

కచేరీ మధ్యలో స్టాండర్డ్‌కు తిరిగి వెళ్లాలంటే ఐదోదాన్ని నేరుగా ఇ దగ్గర ఆపొద్దు. ఇ కంటే ఒక ఫ్రెట్టంత కిందకు దించి, మళ్లీ పైకి ఎక్కించి ఆపండి. దించుతూ ఆపితే కీ పళ్ల మధ్య సందులో తీగ వదులుగా నిలబడి, రెండో చరణం వచ్చేసరికి ఇంకా దిగిపోతుంది.