ట్రే లేని ఫోన్, ఓటీపీ రాని రోజు

డాలస్ నుంచి వచ్చిన మా అమ్మాయి, తను వాడి పక్కన పెట్టిన ఐఫోన్ 15 నా చేతిలో పెట్టింది. నా పాత ఫోన్ తెర మీద నిలువునా ఆకుపచ్చ గీత పడి ఏడాది దాటింది. ఆ గీతకి అటూ ఇటూ తల తిప్పుకుంటూ పేపరు చదవడం అలవాటైపోయింది కానీ, చూసేవాళ్లకి జాలేసేది. "ఇందులో సిమ్ వెయ్యడానికి ఉండదు నాన్నా, ఈసిమ్ చేయించుకో" అని ఒక ముక్క చెప్పి తను అత్తగారింటికి రాజమండ్రి వెళ్లిపోయింది. ఈసిమ్ అంటే విడిగా చిప్పు ముక్క లేకుండా ఫోన్ లోపలే ఎక్కించుకునే సిమ్. నేను ఆ ముక్క సగమే విన్నాను.

మర్నాడు మా వీధి చివర రీఛార్జ్ షాపుకి వెళ్లి, సిమ్ మార్చి పెట్టమన్నాను. మా తెనాలిలో ఇలాంటి షాపులు అడుగడుక్కీ ఉన్నాయి. ఈ కుర్రాడి దగ్గరికే ఎందుకంటే, అడిగింది చేస్తాడు, అడగనిది అంటగట్టడు. సిమ్ పిన్ను తీసుకుని ఫోన్‌ని కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. కింద ఛార్జింగ్ దగ్గర వరసగా ఉన్న చిన్న కన్నాల మీదకి పిన్ను పోనిచ్చి, ఎందుకో ఆగాడు. ఆగబట్టి సరిపోయింది, అది మైకు. "బాబాయ్ గారూ, ఇది అమెరికా పీసా?" అన్నాడు. అవునన్నాను. "అయితే దీనికి ట్రేనే ఉండదండీ" అని పిన్ను డబ్బాలో వేసేశాడు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 2022లో వచ్చిన 14 నుంచీ సిమ్ ట్రే తీసేశారట. ఇక్కడ కొన్న అదే 15కి ట్రే ఉంటుంది. అక్కడినుంచి పిల్లలు తెచ్చిన ఫోన్లు చాలా ఇళ్లలో ఉన్నాయి కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకో సంగతి కూడా ఆ కుర్రాడే చూశాడు. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి కిందకి వెళ్తే క్యారియర్ లాక్ అని ఉంటుంది. అక్కడ 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటేనే మన నంబర్ అందులో పనిచేస్తుంది. వాయిదాల మీద కొని బాకీ తీరని ఫోన్ అయితే అక్కడి కంపెనీ తాళం వేసి ఉంచుతుంది. మాది తీరిపోయిన ఫోనే.

నా సిమ్ కంపెనీ పేరు రాయను. మొదట వాళ్ల స్టోర్‌కే వెళ్లాను, ఏసీలో కూర్చుని పని చేయించుకుందామని. అక్కడి అమ్మాయి నా నంబర్ కొట్టి చూసి, "సర్, మీ రికార్డులో ఉన్న మెయిల్ ఐడీ ఇది, మీదేనా?" అని తెర నా వైపు తిప్పింది. అది ఎవరిదో. ఎప్పుడో సిమ్ కొన్నప్పుడు ఆ షాపువాడు తన మెయిలో, నోటికొచ్చిన మెయిలో రాసేసి ఉంటాడు. 31 ఏళ్లు మిర్చి యార్డులో గుమస్తాగా ఒక్క సున్నా తేడా రాకుండా పద్దులు రాసినవాణ్ణి, నా సొంత పద్దులో ఇన్నేళ్లుగా పరాయివాడి చిరునామా ఉందని ఆ రోజే తెలిసింది. అది మారాలంటే రెండు రోజులు పడుతుందంది. ఈలోగా పోస్ట్‌పెయిడ్‌కి మారితే పని తొందరగా అవుతుందని కూడా అంది. రెండో మాట విన్నాక మొదటి మాట మీద కూడా నమ్మకం పోయింది. లేచి వచ్చేశాను.

మళ్లీ కుర్రాడే దిక్కు. కంపెనీ యాప్‌లో ప్రొఫైల్ తెరిచి, నా మెయిల్ ఎక్కించి, ఓటీపీ కొట్టాడు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

అసలు పని గురువారం సాయంత్రం 5 గంటలకు మొదలుపెట్టాం. పాత సిమ్ ఉన్న ఫోన్ నుంచే కంపెనీకి ఈసిమ్ అని, పక్కన మెయిల్ ఐడీ వేసి మెసేజ్ పెట్టాలి. ఏ నంబర్‌కి పెట్టాలన్నది కంపెనీకో రకం. కొన్ని కంపెనీలు మెయిల్ బదులు ఫోన్ తాలూకు 32 అంకెల ఈఐడీ (ఈసిమ్ గుర్తింపు సంఖ్య), 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు సంఖ్య) అడుగుతాయి. స్టార్, హాష్, 06, హాష్ కొడితే ఆ రెండూ తెర మీదకి వస్తాయి. మాకు తిరుగు మెసేజ్ వచ్చింది, 60 సెకన్లలో 1 అని జవాబివ్వమని. నేను జేబులోంచి కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, మెసేజ్ మొత్తం చదివి, 1 కొట్టేసరికి గడువు అయిపోయింది. మొదటి నుంచీ మళ్లీ. రెండోసారి కళ్లజోడు ముందే పెట్టుకుని కూర్చున్నాను.

తర్వాత కంపెనీ నుంచి ఫోన్, మార్చడానికి మీకు సమ్మతమేనా అని. ఒప్పుకున్నాను. ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ ఫోన్ మనం మెసేజ్ పెట్టాక రావాలి. మనం ఏమీ అడక్కుండా ఎవడో ఫోన్ చేసి, మీ సిమ్ ఈసిమ్‌గా మారుస్తున్నాం, ఈ లింక్ నొక్కండి, 1 నొక్కండి అంటే ఫోన్ పెట్టేయండి. నొక్కామా, మన నంబర్ వాడి ఫోన్‌లోకి వెళ్లిపోతుంది, దాని వెనకే మన బ్యాంకు. అప్పటికే నొక్కేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చెయ్యాలి.

క్యూఆర్ కోడ్ మెయిల్‌కి వచ్చింది. పాత ఫోన్‌లో తెరిచి కొత్త ఫోన్ కెమెరా పెడితే చదవదే! ఆ ఆకుపచ్చ గీత సరిగ్గా కోడ్ మధ్యలోంచి దిగింది. పెద్దది చేశాం, చిన్నది చేశాం, ఫోన్ అడ్డంగా తిప్పాం. ఎటు తిప్పినా గీత దాని మీదే. కుర్రాడు కాసేపు బుర్ర గోక్కుని, మెయిల్ తన కంప్యూటర్‌కి పంపించుకుని, జిరాక్స్ మిషన్ మీద ప్రింట్ తీశాడు. అయిదు రూపాయలు. ఆ కాగితాన్ని గాజు కౌంటర్ మీద పరిచి, మూలలు లేవకుండా ఒకవైపు స్టాప్లర్, ఒకవైపు నా కళ్లజోడు కవరు పెట్టాడు. కొత్త ఫోన్‌కి తన ఫోన్ నుంచి హాట్‌స్పాట్ ఇచ్చాడు. సిమ్ లేని ఫోన్‌కి నెట్ ఎక్కడినుంచో ఇవ్వాలి కదా, నాకు ఆ ధ్యాసే లేదు. కెమెరా పెట్టగానే ఠక్కున పట్టేసింది.

అప్పుడు మొదలైంది టెన్షన్. ముందు పాత ఫోన్‌లో సిగ్నల్ గీతలు పోయి 'నో సర్వీస్' వచ్చింది. కొత్త దాంట్లో 'యాక్టివేటింగ్' అని చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. రెండు ఫోన్లు చేతిలో ఉన్నాయి, రెండిట్లోనూ నేను లేను. "రెండు గంటల దాకా పట్టొచ్చు బాబాయ్ గారూ, కంగారు పడకండి" అన్నాడు గానీ వాడూ ఆ చక్రాన్నే చూస్తున్నాడు. నాకు 12 నిమిషాలు పట్టింది. ఒకసారి ఆపి ఆన్ చేశాక నిండా సిగ్నల్. వాడి ఫోన్ నుంచి నా నంబర్‌కి కొట్టి చూశాం, మోగింది. ఆ కాగితాన్ని నా ఎదుటే నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాడు. ఒకసారి వాడిన కోడ్ మళ్లీ పనికిరాదనుకోండి, అయినా వాడు చించిన పద్ధతి నాకు నచ్చింది. డబ్బులు వద్దన్నాడు. టీ తాగమని బలవంతంగా 20 పెట్టాను.

ఇక్కడిదాకా అయితే కంపెనీకి అయిదుకి అయిదు మార్కులు ఇచ్చేసేవాణ్ణి. నాకు ఒక్క రూపాయి ఛార్జీ పడలేదు, కాల్ క్వాలిటీలో పాత సిమ్‌కీ దీనికీ తేడా ఏమీ లేదు.

శుక్రవారం ఉదయం 10 గంటలకు తిరుమల 300 రూపాయల దర్శనం కోటా విడుదల. మా ఆవిడ స్నానం చేసి, దీపం పెట్టి, పక్కన కూర్చుంది. సైట్ తెరిచి నంబర్ కొట్టాను. ఓటీపీ రాలేదు. మళ్లీ కొట్టాను. రాలేదు. "ఏమండీ, కొత్త ఫోన్ కదా, నెమ్మదిగా వస్తుందేమో" అంది పాపం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు తీసి చదివాను కంపెనీ మెయిల్ మొత్తం. అట్టడుగున, ఇంగ్లీషులో, చీమ తలంత అక్షరాలతో ఉంది: సిమ్ మారాక 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు రావు, పోవు.

నిబంధన మంచిదే. దొంగ ఎవడైనా మన పేరు మీద డూప్లికేట్ సిమ్ తీసుకుంటే, ఓటీపీలు వెంటనే వాడికి చేరకుండా, మనం తేరుకుని ఫిర్యాదు చేసే వ్యవధి ఉండాలని పెట్టింది. నాకున్న కోపం నిబంధన మీద కాదు. ఆ మాట మొదటి మెసేజ్‌లోనే, తెలుగులో, పెద్ద అక్షరాలతో చెప్పొచ్చు. 1 నొక్కమని తొందర పెట్టినప్పుడు చెప్పొచ్చు. ఫోన్ చేసి సమ్మతమేనా అని అడిగినప్పుడైనా చెప్పొచ్చు. అందుకే నా లెక్కలో కంపెనీకి మూడు. కుర్రాడికి మాత్రం అయిదే, ఈ 24 గంటల సంగతి వాడికీ తెలియదు పాపం.

మా ఆవిడ నంబర్‌తో లాగిన్ కావచ్చన్న తెలివి నాకు 10.20కి వచ్చింది. అప్పటికి మాకు కావలసిన తేదీల గళ్లన్నీ నిండిపోయాయి. ఆ పూట కాఫీ రాలేదు.

ఆ రోజు యూపీఐ కూడా లేదు. కొత్త ఫోన్‌లో నమోదు కావాలంటే మన నంబర్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ వెళ్లాలి, అదీ ఆగిపోయింది. కూరల మార్కెట్‌కి చాలాకాలం తర్వాత నోట్లు పట్టుకెళ్లాను. 500 నోటు చూసి వంకాయల ఆవిడ, "చిల్లర లేదు బాబూ, ఫోన్లో కొట్టరాదా" అంది. ఏం చెప్పను? వాట్సాప్ ఒక్కటి మాత్రం గట్టెక్కింది. ఎస్సెమ్మెస్ బదులు ఫోన్ కాల్ ద్వారా కోడ్ చెప్పించుకునే వీలుంది, కాల్స్ బాగానే వస్తున్నాయి కదా. ఈ చిట్కా మా అమ్మాయి చెప్పింది, అదీ నవ్వాపుకుంటూ.

ఇంకొక్క లోటు. పాత సిమ్ అయితే ఫోన్ పాడైన రోజు తీసి బటన్ ఫోన్‌లో వేసుకుంటే సరిపోయేది. దీనికి ఆ సౌకర్యం లేదు, మళ్లీ ఈ తతంగమంతా చెయ్యాలి. సెట్టింగ్స్‌లో ఏదో నొక్కబోయి ఈసిమ్ డిలీట్ చేసుకున్నా అంతే. అందుకే ఆ పేజీ వైపు నేను పోవడం లేదు.

శుక్రవారం రాత్రి ఏడున్నర దాటాక ఫోన్ టింగుమంది. ఇద్దరం ఉలిక్కిపడి చూశాం. మొదటి ఎస్సెమ్మెస్! నాకు అయిదు లక్షల లోన్ మంజూరైందట.

ఇప్పుడు మా ఆవిడ తన నంబర్ కూడా మార్పించమంటోంది. వచ్చే నెల కోటా విడుదలై, టికెట్ చేతికొచ్చిన మర్నాడు తీసుకెళ్తానని చెప్పాను.