భూకంపం తర్వాత నేల ఎంత జరిగింది? జీపీఎస్ మేలా, శాటిలైట్ రాడార్ మేలా?

2025 జూలై 30న శ్రీహరికోట నుంచి నిసార్ ఉపగ్రహం వెళ్లింది. ఇది ఇస్రో, నాసా కలిసి చేసిన రాడార్ ఉపగ్రహం. అప్పటి నుంచి మా మేనల్లుడిది ఒకటే ప్రశ్న. "మామా, జీపీఎస్ ఉంది కదా! నేల జరిగితే అదే చెబుతుంది. మళ్లీ ఇంత పెద్ద రాడార్ ఎందుకు?" శ్రీహరికోట ఇప్పుడు మన తిరుపతి జిల్లాలోనే ఉంది. మన గడప నుంచి వెళ్లిన ఉపగ్రహం గురించి పిల్లవాడు అడిగితే సరిగ్గా చెప్పాలి కదా.

ఫోన్‌లో ఉండే జీపీఎస్ ఈ పనికి చాలదు, అది కొన్ని మీటర్లు తప్పు చూపిస్తుంది. భూకంపాల వాళ్లు వాడేది గట్టి రాతి మీద బిగించిన జీపీఎస్ స్టేషన్. అది మిల్లీమీటర్ల లెక్కన చెబుతుంది, పైగా ఆగకుండా కొలుస్తూనే ఉంటుంది. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు, సెకనుకు 5 సార్లు కొలిచే స్టేషన్లు కాఠ్మాండూ దగ్గర నేల కదలికను క్షణక్షణం రాసిపెట్టాయి. ఈ పని రాడార్ ఉపగ్రహం చేయలేదు. నిసార్ ఒకే దారిలో మళ్లీ మన మీదికి రావడానికి 12 రోజులు పడుతుంది.

కానీ జీపీఎస్ చెప్పేది అది నిలబడిన చోటు గురించి మాత్రమే. జపాన్‌లో సుమారు 1,300 స్టేషన్లు ఉన్నాయి కాబట్టి అక్కడ సరిపోతుంది. స్టేషన్ లేని ఊళ్ల సంగతి ఏంటి? రాడార్ గెలిచేది ఇక్కడే. భూకంపానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తీసిన చిత్రాల్లో, ఉపగ్రహం నేల మీదికి పంపిన రాడార్ అలలు ఎంత తేడాగా తిరిగొచ్చాయో చూస్తే రంగుల చారలు వస్తాయి. నేపాల్‌కు యూరప్ వాళ్ల రాడార్ ఉపగ్రహం సెంటినెల్-1 ఏప్రిల్ 17న, 29న తీసిన చిత్రాలు కలిపితే కాఠ్మాండూ చుట్టుపక్కల నేల దాదాపు మీటరు పైకి లేచినట్టు తేలింది. కింద ఒక్క పరికరం పెట్టకుండా! 1992లో కాలిఫోర్నియాలోని లాండర్స్ భూకంపానికి ఈ పద్ధతి మొదటిసారి ఇలాంటి పటం ఇచ్చింది.

ఇక రాడార్లలో ఏది? మన శేషాచలం కొండలు చూడండి, అంతా అడవి. సెంటినెల్ అల పొడవు 5.5 సెంటీమీటర్లు. అది ఆకులకు, చిన్న రెమ్మలకు తగిలి తిరిగొస్తుంది. 12 రోజుల్లో ఆకులు కదులుతాయి, రాలతాయి, కొత్తవి వస్తాయి. అప్పుడు రెండు చిత్రాలకు పొంతన కుదరదు. నిసార్‌లోని ఎల్-బ్యాండ్ (పొడవు అలల రాడార్) అల పొడవు దాదాపు 24 సెంటీమీటర్లు. అది చాలావరకు ఆకులను దాటి మొద్దులను, నేలను తాకుతుంది. చిత్తూరు మామిడి తోటల మీద కూడా ఇదే నయం. చెట్టూ చేమా తక్కువగా ఉన్న రాతి గుట్టలు, ఊళ్ల మీదైతే సెంటినెల్ చాలు. అక్కడ చిన్న కదలికను అదే స్పష్టంగా పట్టుకుంటుంది, ఎందుకంటే దాని ఒక్కో చార 2.8 సెంటీమీటర్ల కదలికకు గుర్తు. ఎల్-బ్యాండ్‌కు అయితే ఒక్కో చార 12 సెంటీమీటర్లు.

రాడార్‌ను గుడ్డిగా నమ్మకూడదు. గాలిలోని తేమ అలను ఆలస్యం చేస్తుంది. ఒక చిత్రం మే ఎండలో, ఇంకోటి నవంబరు వానల్లో తీశారనుకోండి, నేల కదలకపోయినా కొన్ని సెంటీమీటర్లు జరిగినట్టు కనిపిస్తుంది. అలిపిరి దగ్గర ఉన్న తేమ, తిరుమల పైన ఉన్న తేమ ఒకటి కాదు. అందుకే కొండల దగ్గర మోసపోయే అవకాశం ఇంకా ఎక్కువ. నాకు ఈ విషయంలోనే ఎక్కువ టెన్షన్. తేమ లెక్క తీయడానికి కూడా జీపీఎస్ స్టేషన్లు పనికొస్తాయి. ఇంకో లోటు, ఉపగ్రహం ధ్రువాల మీదుగా తిరుగుతూ పక్కకు చూస్తుంది కాబట్టి ఉత్తర-దక్షిణ కదలిక దానికి సరిగా ఆనదు. జీపీఎస్‌కు ఆ బాధ లేదు.

3 తీవ్రత ఉన్న చిన్న ప్రకంపనలకు మాత్రం ఈ రెండూ అనవసరం. నేల మీద గుర్తు మిగలదు, నేల అదురును పట్టే సీస్మోమీటర్‌నే అడగాలి.

మా వాడికి చివరికి ఇలా చెప్పాను. "మన కొండల దగ్గర పెద్దది వస్తే, మామ ముందు తెరిచేది నిసార్ ఎల్-బ్యాండ్ చిత్రాలు రెండు. దగ్గర్లో జీపీఎస్ స్టేషన్ ఒక్కటున్నా, దాని అంకెతో సరిచూడకుండా ఎవరికీ చూపించను."