దేవమాలికి అద్దె క్యాంపర్ వ్యాన్: పొయ్యి భేష్, బ్యాటరీ తుస్సు

పడకలు, పొయ్యి, టాయిలెట్ అన్నీ లోపలే ఉండే క్యాంపర్ వ్యాన్‌ను రాయగడలో అద్దెకు తీసుకుని మా అత్తగారితో, పిల్లలతో దేవమాలి వెళ్లాం. 1,672 మీటర్లు, ఒడిశాలోకెల్లా ఎత్తైన కొండ. ఘాట్ మలుపుల్లో బండి ఊగింది గానీ ఇంజను మొరాయించలేదు. పరుపులు మెత్తగా ఉన్నాయి. ఆ చలిలో గ్యాస్ పొయ్యి మీద కాచిన రాగి అంబలి, అబ్బో!

తంటా అంతా రెండో బ్యాటరీతోనే, అంటే ఇంజనుది కాదు, లోపలి లైట్లకీ ఫ్రిజ్‌కీ కరెంటిచ్చేది. రాత్రంతా లైట్లు, ఫ్రిజ్ నడుస్తాయన్నారు, పదింటికే చీకటి. చలి పుణ్యమా అని పెరుగు పులవలేదు. నిండా ఛార్జయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, దాని మీద ఏమీ నడవనప్పుడు వోల్ట్ మీటర్‌లో 12.6 వోల్టుల దాకా చూపించాలి. తాళాలు తీసుకునే ముందే చూపించమనండి. టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేయడం ఎలాగో ఒక్క ముక్క చెప్పలేదు, ఆ పని మా ఆయన మీద పడింది. అద్దె మాత్రం న్యాయమే. బ్యాటరీ మారిస్తే మళ్లీ తీసుకుంటా.