పర్లాకిమిడి కొట్లో పన్నెండేళ్లుగా ఇంకు పెన్నులు: నా అనుభవం

మా కిరాణా కొట్టు ఒడిశాలోని పర్లాకిమిడి బజార్లో ఉంది. బిల్లులు ఎప్పుడో కంప్యూటర్లోకి మారిపోయాయి కానీ అప్పు ఖాతాలు ఇప్పటికీ చేత్తోనే రాస్తాం. పగలంతా చిట్టాలో ఎక్కించుకుని, రాత్రి కొట్టు కట్టేశాక ఆవర్జా, అంటే ఖాతాల పుస్తకం, తీసి ఎవరి పేజీలో వాళ్ల పద్దు వేస్తాను. నాన్నకి చూపు మందగించడంతో 2013లో ఈ పుస్తకాలు నా చేతికొచ్చాయి. మొదటి నెల బాల్‌పెన్నుతో రాశాను. రాత్రి పదయ్యేసరికి బొటనవేలి మొదట్లో పీకేసేది. ఇంకు పెన్నుని నొక్కక్కర్లేదు, కాగితానికి ఆనిస్తే చాలు. అలా మొదలుపెట్టి ఇప్పటికి ఏడు పెన్నులు, పది పన్నెండు రకాల సిరాలు వాడాను. అన్నీ చెప్పను, నిలబడినవాటి గురించీ, దెబ్బతీసినవాటి గురించీ చెప్తాను.

ముందు సిరా సంగతి. పెన్ను కొనేముందు నిబ్బు చూస్తాం, రంగు చూస్తాం, ధర చూస్తాం. అందులో పోసేదాని గురించి ఆఖర్న ఆలోచిస్తాం. నేనూ అలాగే చేశాను. మొదటి ఐదేళ్లు రాయల్ బ్లూ వాడాను. కాగితం మీద చూడ్డానికి ఎంత హాయిగా ఉంటుందో ఆ రంగు! సీసా మీద ‘వాషబుల్’ అని రాసి ఉండేది. బట్టల మీద పడినా ఉతికితే పోతుందని అది నాకు లాభంగానే తోచింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా గజపతి జిల్లా ఆ రోజు పడిన పాట్లు ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేరు. మా గోదాము రేకులు రెండు లేచిపోయాయి. పుస్తకాల బీరువా సరిగ్గా దాని కిందే ఉంది. గాలి తగ్గాక వెళ్లి బీరువా తీస్తే అట్టలు ఉబ్బిపోయి, నీళ్లు కారుతున్నాయి. నా ఆవర్జా తెరిచాను. పేజీ అంతా లేత నీలం, ఆకాశం రంగు. గీతలు అచ్చువి కాబట్టి గీతలు ఉన్నాయి, వాటి మధ్య అంకెలు లేవు. కొన్నిచోట్ల పేరులో మొదటి అక్షరం మాత్రం నీడలా కనిపించింది.

దాని కింద అరలో నాన్న రాసిన పాత పుస్తకాలున్నాయి. అవీ అంతే తడిశాయి. కాగితం గోధుమరంగుకి తిరిగి, అంచులు ముద్దయ్యాయి. కానీ రాత ఉంది. 1990ల నాటి పద్దులు కూడా నల్లగా, చదవడానికి వీలుగా ఉన్నాయి. ఏం సిరా వాడేవాడివని అడిగితే, ‘బ్లూ బ్లాకే అమ్మా, అప్పట్లో పద్దులకి ఇంకోటి వాడేవాళ్లం కాదు’ అన్నాడు నాన్న.

తర్వాత మూడు వారాలు ఖాతాదారులే వచ్చి తమ లెక్కలు చెప్పి రాయించారు. కొండ మీద సవర గిరిజనుల ఊరినుంచి ఒక పెద్దాయన రోడ్డు తెగిపోతే సగం దూరం నడిచే వచ్చాడు. ‘పాపా, నాది పన్నెండు వందలు ఉండాలి కదా, రాసుకో’ అన్నాడు. ఆయన ఇల్లే సగం కూలిపోయింది. ఆ పన్నెండు వందలు కొత్త పుస్తకంలో రాయడానికి ఏ సిరా అయితే పోదో అప్పుడు నిజంగా వెతకడం మొదలుపెట్టాను.

పాత పద్ధతి బ్లూ బ్లాక్‌ని ఐరన్ గాల్ సిరా అంటారు. గాల్ అంటే మన మాచికాయే, బాలింత మందుల్లో వేసేది. అందులోని టానిన్, ఇనుప లవణం కలిసి ఈ సిరా పనిచేస్తుంది. రాసినప్పుడు కనిపించే నీలం అందులో కలిపిన రంగు మాత్రమే. గాలి తగిలేకొద్దీ ఇనుము మారి, కాగితపు పీచులోనే నల్లటి పదార్థంగా పట్టేస్తుంది. రాత్రి రాసిన పద్దు పొద్దున చూస్తే ముదిరి ఉంటుంది. నీళ్లు పడితే పైనున్న నీలం కొట్టుకుపోతుంది, నలుపు ఉండిపోతుంది. ఇప్పుడు నేను వాడేది పెలికాన్ 4001 బ్లూ బ్లాక్. కొత్త సీసా తెచ్చిన ప్రతిసారీ ఒక కాగితం మీద రాసి, రెండు రోజులు ఆరనిచ్చి, కుళాయి కింద పెట్టి చూస్తాను. బ్లూ బ్లాక్ అని పేరున్నవన్నీ ఐరన్ గాల్ కావు, కొన్ని మామూలు రంగు సిరాలే. పేరు చూసి కొనేవాళ్లు ఈ కుళాయి పరీక్ష తప్పకుండా చెయ్యండి.

ఈ సిరాకి కాస్త పులుపు గుణం ఉంది. స్టీలు పాళీలో ఎండిపోనిస్తే తినేస్తుంది. నా దగ్గరున్న ఒక చవక పెన్నుని ఇది పోసి మూడు నెలలు డ్రాయర్లో మర్చిపోయాను. తీసి చూస్తే పాళీ మీద చిన్న చిన్న గుంటలు పడ్డాయి. అందుకని ఇప్పుడు నెలకోసారి, ఒకటో తారీఖున, పెన్ను విప్పి మామూలు చల్లనీళ్లతో రంగు పోయేదాకా కడుగుతాను. వేరే సిరాతో కలపకూడదు. కలిపితే అడుగున ముద్ద కట్టి, పాళీకి సిరా అందించే ఫీడ్ మూసుకుపోతుంది.

ఇక పాళీ. దీని గురించి ఇంగ్లీషు రాసేవాళ్ల మాట విని కొనుక్కుని నేను నష్టపోయాను. అందరూ మెత్తగా పోతుందన్నారని ఒక జర్మన్ పెన్ను మీడియం పాళీతో తెప్పించాను. నిజంగానే వెన్నలా పోతుంది. కానీ మన అక్షరాలకి పొట్టలున్నాయి, కొమ్ములున్నాయి, కింద వొత్తులున్నాయి. ‘లక్ష్మి’ అని రాసి చూడండి. మా ఆవర్జాలో ఆ పేరు లేని పేజీ ఉండదు. క కింద షవొత్తు, దాని కింద మళ్లీ మావొత్తు. మీడియం పాళీతో ఆ రెండు వొత్తులూ కలిసి ఒక నల్లటి చుక్కయ్యేవి, ఆ చుక్క కింది గీత మీద అంకెని తాకేది. ధ కింద గీత కాగితం పీల్చేస్తే అది ద అవుతుంది. 3 పొట్ట పూడితే 8 అనిపిస్తుంది, ఖాతా పుస్తకంలో అది చిన్న విషయం కాదు.

హోల్‌సేల్ వాళ్లకి ఇండెంట్లు ఒడియాలో రాస్తాను. ఈ ఊరు 1936లో ఒడిశాలోకి వెళ్లింది. గిడుగు రామమూర్తి గారు అన్నేళ్లు ఉండి, బడిలో పాఠాలు చెప్పి, వాడుక భాష కోసం పోరాడిన ఊరు కూడా ఇదే. అందుకే మా ఇళ్లలో రెండు లిపులూ రోజూ నడుస్తాయి. ఒడియా అక్షరాలకి పైన గొడుగులాంటి గుండ్రం దాదాపు అన్నింటికీ ఒకటే, తేడా అంతా కిందనున్న చిన్న ముక్కలో ఉంటుంది. దానికీ సన్న పాళీయే కావాలి.

జపాన్ ఫైన్ పాళీ జర్మన్ ఫైన్ కన్నా సన్నం. పైలట్ మెట్రోపాలిటన్ ఫైన్ తీసుకుని ఏడేళ్లయింది, రోజువారీ ఆవర్జా అంతా దాంతోనే. ఇత్తడి బాడీ కాబట్టి చేతిలో కాస్త బరువుగా ఉంటుంది, నాకది నచ్చింది. క్యాప్ టక్కున పడుతుంది. కొట్లో లేచి బెల్లం తూచి వచ్చేసరికి పాళీ ఆరిపోదు. సిరా మాత్రం తక్కువ పడుతుంది, మా రాతకి రెండు రోజులకోసారి నింపాలి. తక్కువ ధరలో కావాలంటే ప్లాటినం ప్రెపీలో 03 పాళీ తీసుకోండి. ఆ అంకె అంటే 0.3 మిల్లీమీటర్లు. దాని క్యాప్ లోపల ఇంకో బిగుతు మూత ఉంటుంది, వారాలు వాడకపోయినా తీయగానే రాస్తుంది. మా తమ్ముడి కూతురికి అదే ఇచ్చాను.

రాజమహేంద్రవరం వెళ్లినప్పుడు ఒక పనివాడి దగ్గర ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్ను చేయించుకున్నాను. గాంధీగారికి స్వదేశీ పెన్ను చేసిచ్చిన రత్నం గారి ఊరు అది. 1935లో గాంధీగారు ఆ పెన్ను బాగుందని ఆయనకి ఉత్తరం కూడా రాశారు. లేతుమీద మన ముందే నల్లటి కడ్డీ తిరుగుతూ పెన్ను అవుతుంటే ఆ గంధకం వాసన, రింగులు రింగులుగా రాలే పొట్టు చూస్తూ గంటసేపు కూర్చున్నాను. ఇది ఫిల్లర్‌తో బాడీలోకి నేరుగా సిరా పోసే రకం, ఒకసారి నింపితే వారం వస్తుంది. ఉత్తరాలకి, శుభలేఖల మీద పేర్లకి దీన్ని మించింది లేదు. ఆవర్జాకి మాత్రం వాడను. ఇలాంటి పెన్ను ఎవరు చేసిందైనా సరే, సిరా సగం కన్నా దిగాక లోపలి గాలి చేతి వేడికి వ్యాకోచించి సిరాని తోస్తుంది, చుక్క పడుతుంది. సగానికి రాగానే నింపేస్తే ఆ బాధ తగ్గుతుంది. మరలకి కాస్త సిలికాన్ గ్రీజు రాయండి. ఎండలో పెట్టకండి, ఎబొనైట్ నలుపు పోయి గోధుమరంగుకి దిగుతుంది.

కాగితం గురించి ఒక్కమాట. బజారు రిజిస్టర్లలో సగం సిరా పాకిస్తాయి. నేను పక్క జిల్లా రాయగడలో మిల్లున్న జేకే వాళ్ల 75 జీఎస్ఎం కాపియర్ కాగితం తెచ్చి, గీతలు కొట్టించి బైండు చేయిస్తున్నాను. మామూలు రిజిస్టరు కన్నా ఖర్చు ఎక్కువే. కానీ సన్న పాళీ, బ్లూ బ్లాక్ కలిస్తే రెండు వైపులా రాయొచ్చు.

మిగతా రంగుల్లో ఆకుపచ్చ, వంగపండు రంగు సరదాకి కొన్నాను, ట్యూబులైటు వెలుగులో కళ్లు లాగేశాయి. నలుపులో పిగ్మెంటు సిరాలు (నీళ్లలో కరగని సన్నటి రంగుపొడి ఉండేవి) నీటికి గట్టిగా నిలుస్తాయి కానీ పెన్నులో ఎండితే వదిలించడం కష్టం. రోజూ రాసేవాళ్లకైతే ఫర్వాలేదు. ఎరుపు మాత్రం ఒక సీసా ఎప్పుడూ ఉంటుంది, పాత ప్రెపీలో పోసి పెట్టుకుంటాను. బాకీ తీరిన పేజీ మీద అడ్డంగా ‘చెల్లు’ అని రాయడానికి. కొండ మీద పెద్దాయన పేజీ మీద ఆ మాట 2019 సంక్రాంతి ముందు రాశాను.