రోలాండ్ ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ మీద డప్పు: రిమ్ కూడా పలకాలంటే

బోనాలకు, బరాత్‌లకు వాయించే బ్యాండు మాది. నా ముంగట ఉండేది రోలాండ్ ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్, పుల్లలతో కొట్టి సౌండ్లు పలికించే ఎలక్ట్రానిక్ ప్యాడ్ల మెషిన్, 2011లో వచ్చిన మోడల్. సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న. అందులో ఉన్న సౌండ్ల కోసం కాదు, మన డప్పును రికార్డు చేసి వేవ్ ఫైలుగా ఎక్కించుకోవచ్చని. తొమ్మిది ప్యాడ్లు ఉన్నా తీన్‌మార్‌కు నేను కొట్టేది మాత్రం పక్కన తగిలించిన పీడీ-8 అనే విడి ప్యాడు మీదనే. దానికి రెండు జోన్లు, అంటే వేరే వేరే సౌండ్లు పలికే చోట్లు రెండు. నడుమ సిర్ర (లావు పుల్ల) దెబ్బ, రిమ్ మీద, అంటే అంచు మీద, సిటికెన పుల్ల (సన్న పుల్ల). రెండు చేతులకు రెండు సౌండ్లు, ఒక్క ప్యాడు.

రిమ్ పలకకపోతే మొదలు కేబుల్ చూడుండ్రి. మామూలు గిటార్ కేబుల్ మోనో, అది హెడ్ (ప్యాడు నడుమ భాగం) సిగ్నల్ ఒక్కటే తెస్తది. పిన్నుకు రెండు నల్ల గీతలున్న స్టీరియో కేబుల్ కావాలె. తర్వాత మెషిన్‌ల ట్రిగ్గర్ టైపు (ఏ ప్యాడు తగిలించినమో చెప్పే సెట్టింగు) పీడీ-8 అని పెట్టాలె.

దెబ్బ ఆలస్యంగా పలుకుతుందని మా వాళ్లు మెషిన్‌ను తిడుతరు. చాలాసార్లు తప్పు ఫైలుది. రికార్డింగ్ మొదట్ల రవ్వంత నిశ్శబ్దం మిగిలితే చాలు, చెయ్యి ముందు, సౌండు వెనక. స్టార్ట్ పాయింట్ (సౌండు మొదలయ్యే చోటు) జరిపి ఆ నిశ్శబ్దాన్ని కోసెయ్యాలె. ఉరుకుడు నడకల వాయిస్ అసైన్ అనే సెట్టింగు మోనోల ఉంటే (ఇది కేబుల్ మోనో కాదు) కొత్త దెబ్బ పాత దెబ్బను కోస్తది, అందుకే నేను దెబ్బలు ఒకదాని మీద ఒకటి పలికే పాలీల పెడుత. డైనమిక్స్ అనే సెట్టింగు ఆఫ్‌ల ఉంటే మెల్లగ కొట్టినా గట్టిగ కొట్టినా ఒక్కటే తీరు, డీజే బాక్సు లెక్క. డప్పుకు అది పనికిరాదు.

పీడీ-8ను మెషిన్ స్టాండుకే బిగిస్తే ఒకదాని అదురుకు ఇంకోటి మోగొచ్చు. క్రాస్‌టాక్ క్యాన్సిల్ (పక్క ప్యాడు అదురును పట్టించుకోకుండ చేసే సెట్టింగు), థ్రెషోల్డ్ (ఎంత దెబ్బకు పలకాలో చెప్పే సెట్టింగు) పెంచితే ఆగుతది, కానీ ఎక్కువ పెంచితే సిటికెన పుల్ల చిన్న దెబ్బలు కూడా మాయమైతయి. వేరే స్టాండు పెట్టుకునుడే మేలు. ట్రాలీ ఆటో మీద జాగ ఉండదు, అది వేరే బాధ.

బయటి ప్యాడ్లకు జాక్‌లు రెండే. ఒక జాక్‌ను రెండుగ చీల్చే వై కేబుల్ వేస్తే నాలుగు ప్యాడ్లు తగిలించొచ్చు గానీ, అప్పుడు రిమ్ సౌండ్లు పోతయి. డప్పు, డోలు వాయించేటోళ్లకు రెండు చాలు. పూర్తి డ్రమ్ కిట్టు కట్టాలనుకుంటే డ్రమ్ మాడ్యూలే (కిట్టు ప్యాడ్లన్నిటికీ సౌండ్లిచ్చే పెట్టె) చూసుకోండ్రి.