సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొంటున్నారా? ఆ 48 అంకెలు ఎవరి చేతిలో ఉన్నాయో ముందు చూసుకోండి

వైజాగ్‌లో పాత ల్యాప్‌టాప్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. బాగున్న మదర్‌బోర్డుకి రిపేరని నేను 6,500 రూపాయలు కట్టేసేదాన్ని.

పోయిన నెల మా అక్క కొడుకు బీటెక్ కోసం డాబాగార్డెన్స్‌లో ఒక షాపులో 26 వేలు పెట్టి కొన్నాను. విండోస్ 11 వేసిచ్చారు, మూడు నెలల వారంటీ అని బిల్లు మీద రాశారు. కాలేజీ ల్యాబ్‌లో లినక్స్ (విండోస్ లాంటిదే ఇంకో ఓఎస్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్) ఉందని వాడు పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు అనే లినక్స్ రకం ఎక్కించుకుని, ఏదో వీడియో చూసి బయోస్‌లో (విండోస్ రాకముందు తెరుచుకునే ల్యాప్‌టాప్ లోపలి సెట్టింగులు) సెక్యూర్ బూట్ అనే రక్షణ ఆపేసి నడిపాడు. నిజానికి ఉబుంటుకి అది ఆపక్కర్లేదట. ల్యాప్‌టాప్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చెయ్యలేదు. పని అయ్యాక పెన్‌డ్రైవ్ తీసి ఆన్ చేస్తే విండోస్ రాలేదు. నీలం స్క్రీన్ మీద బిట్‌లాకర్ (డిస్క్‌లోని ఫైళ్లకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ కొట్టమని 48 అంకెలు అడుగుతోంది. పిల్లాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

షాపుకి పట్టుకెళ్తే అబ్బాయి ఆన్ చేసి చూసి, "వేరే ఓఎస్ వేశారు కదా మేడమ్, బోర్డు పోయింది. వారంటీ రాదు, 6,500 అవుద్ది" అన్నాడు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

డబ్బు కట్టే ముందు గాజువాకలో ఉండే మా ఆడపడుచు కొడుక్కి ఫోన్ చేశాను. బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చెయ్యమన్నాడు. చేశాం. కీ అడక్కుండానే విండోస్ వచ్చేసింది! బూట్ సెట్టింగులు మారితే ల్యాప్‌టాప్‌లో ఈ తాళం చెవి దాచే టీపీఎం అనే చిప్ తాళం విప్పదట, వాటిని పాతలాగే పెడితే విప్పుతుందట.

అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది. సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిస్తే షాపువాళ్ల మెయిల్ ఐడీ ఉంది. వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేశారు కాబట్టి రికవరీ కీ వాళ్ల అకౌంట్‌లోకే పోయింది. ఆ 6,500 తెలిసి అడిగారో తెలియక అడిగారో గానీ, నా ల్యాప్‌టాప్ తాళం వాళ్ల దగ్గర పెట్టుకుని బోర్డు పోయిందనడం చాలా తప్పు.

ఇంకోటి. రాత్రి 9:40 అయితే విండోస్‌లో సాయంత్రం 4:10 చూపిస్తోంది. లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ మార్చాలని షాపువాళ్లు ఫోన్‌లో చెప్పారు. సరిగ్గా ఐదున్నర గంటలు వెనక ఉంటే బ్యాటరీని అనుమానించకండి. లినక్స్ ల్యాప్‌టాప్ గడియారాన్ని యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ సమయం) ఉంచుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. డేట్ అండ్ టైమ్‌లో సింక్ నౌ నొక్కితే సరిపోయింది.

కొనేటప్పుడు షాపులోనే మీ కళ్లముందు మొత్తం రీసెట్ చేయించి, మీ అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కనిపిస్తుంది, కాగితం మీద రాసి పెట్టుకోండి. అది చేతిలో లేకుండా బయోస్ ముట్టుకోవద్దు. టీపీఎం క్లియర్ చేద్దామని ఎవరన్నా అస్సలు ఒప్పుకోవద్దు, కీ లేకపోతే మీ ఫైళ్లు ఇక రావు.

బిల్లు, నీలం స్క్రీన్ ఫోటో దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. మీరూ ఈ మధ్య ఇలా కొని ఉంటే, ఈ రాత్రే అకౌంట్స్ తెరిచి అందులో ఎవరి మెయిల్ ఉందో చూడండి.